పని అయిపోతోంది, చివరి బిల్లు రావట్లేదు: ఇంటి కాంట్రాక్టుల్లో డబ్బు ఎలా తిప్పుకుంటున్నారు?

కొంపల్లి వైరింగ్

అందరికీ నమస్కారం. నేను సొంతంగా ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తాను. ఎక్కువగా ఇండిపెండెంట్ ఇళ్లు, అప్పుడప్పుడూ చిన్న బిల్డర్ల అపార్ట్‌మెంట్లు. నా దగ్గర ఆరుగురు పనివాళ్లున్నారు. పనికి కొదవ లేదు, డబ్బుకే కటకట.

ఇప్పుడు మూడు సైట్ల మీద కలిపి 4,80,000 రావాలి. మూడూ పని అయిపోయినవే, లైట్లు వెలుగుతున్నాయి. ఇటు ఎలక్ట్రికల్ షాపులో నా ఖాతా 2,60,000కి చేరింది. షాపాయన మర్యాదగానే మాట్లాడుతున్నాడు గానీ, కొత్త సరుకు తీసే ముందు ఖాతా పుస్తకం ఒకసారి తిరగేస్తున్నాడు. పనివాళ్ల ఖర్చీ మాత్రం వారం వారం ఇవ్వాల్సిందే. పోయిన నెల తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాను. నెలకు నాలుగు వేలు దానికే పోతోంది.

కాగితం మీద ప్రతి పనిలోనూ లాభం కనిపిస్తోంది. చేతిలో మాత్రం ఉండటం లేదు. ఈ మధ్య పూర్తయిన ఒక ఇంటి లెక్క పెడుతున్నాను, జీఎస్టీ పక్కన పెట్టి చూడండి. జీ ప్లస్ టూ, మెటీరియల్‌తో కలిపి 8,50,000. పైపులు, బాక్సులు 70,000. వైర్లు 2,10,000. స్విచ్‌లు, ప్లేట్లు, డీబీలు (కరెంటు పంచే బోర్డులు), ఎంసీబీలు (ట్రిప్ స్విచ్‌లు) 2,40,000. కూలీ 2,00,000 (పైపింగ్‌కి 80 వేలు, వైరింగ్‌కి 60 వేలు, ఫిట్టింగ్‌కి 60 వేలు). నాకు మిగిలేది 1,30,000. పేమెంట్ మాట ఇలా: అడ్వాన్స్ 20 శాతం, పైపింగ్ అయ్యాక 30, వైరింగ్ అయ్యాక 30, అంతా అప్పగించాక 20. మా వైపు అందరూ ఇలాగే తీసుకుంటారు. మీరైతే ఏం మారుస్తారు?

బెజవాడ బిల్డింగ్స్

తమ్ముడూ, జబ్బు నీ లెక్కలోనే ఉంది. చివరి 20 శాతం అంటే 1,70,000. నీ లాభం 1,30,000. ఓనరు మిగతా వాయిదాలన్నీ టైముకి ఇచ్చినా, ఇల్లు అప్పగించే రోజుకి నీ సొంత డబ్బు 40,000 ఆ ఇంటి గోడల్లో ఉంటుంది. కావాలంటే వరసగా వేసి చూడు.

అడ్వాన్స్ 1,70,000 వచ్చింది, పైపింగ్‌కి 1,50,000 పోయింది, చేతిలో 20,000. తర్వాత 2,55,000 వచ్చింది, వైరుకీ కూలీకీ 2,70,000 పోయింది, చేతిలో 5,000. మళ్లీ 2,55,000 వచ్చింది, స్విచ్‌లకీ ఫిట్టింగ్‌కీ 3,00,000 పోయింది. మైనస్ 40,000. ఇదంతా ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా ఇస్తేనే. పైపింగ్ అయ్యాక ఇవ్వాల్సింది రెండు వారాలు లాగారనుకో, పనివాళ్లను ఖాళీగా కూర్చోబెట్టలేక నువ్వు వైరు అరువు మీద తెస్తావు. షాపు ఖాతా అక్కడే పెరుగుతుంది. ఇలాంటివి మూడు సైట్లు ఒకేసారి నడిస్తే వడ్డీకి తేక ఏం చేస్తావు?

నేనైతే అదే 8,50,000ని ఇలా విడగొడతాను. మొదలుపెట్టేముందు 20 శాతం. పైపింగ్ అయ్యాక, వైరు సైట్‌కి రాకముందు 30. స్విచ్‌లు, డీబీలు రాకముందు 35. అన్నీ వేసి చూపించిన రోజు 10. నెల తర్వాత 5. ఇప్పుడు లెక్కెయ్యి: ఏ దశలోనూ మైనస్‌లోకి పోవు. చివర్లో ఓనరు దగ్గర ఆగేది 42,500. అది అసలు రాకపోయినా నీ లాభం తగ్గుతుంది, అంతే. షాపాయనకి సమాధానం చెప్పుకోవాల్సిన పని పడదు.

కొత్తగా దిగా

అన్నా, చెప్పడానికి బాగుంది. స్విచ్‌లకు ముందే 85 శాతం ఇవ్వమంటే ఓనరు పక్క కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తాడు. మా ఏరియాలో అడ్వాన్స్ కూడా లేకుండా మొదలుపెట్టేవాళ్లున్నారు.

బెజవాడ బిల్డింగ్స్

ఉన్నారు, ఉంటారు. వాళ్లలో కొందరు మధ్యలో వదిలేసి పోతారు, ఆ సగం పని మనకే వస్తుంది. ఓనరుకి శాతాలు చెప్పకు. "సార్, వైరు వచ్చే ముందు రోజు ఇంత, స్విచ్‌లు వచ్చే ముందు రోజు ఇంత" అని సరుకు పేరు పెట్టి చెప్పు. సరుకు దిగాక గదిలో పెట్టి తాళం ఆయన చేతికే ఇవ్వు. ఆయన డబ్బు ఆయన ఇంట్లోనే కనిపిస్తుంది కాబట్టి పెద్దగా అభ్యంతరం చెప్పరు. నేను సివిల్ పనుల్లో సిమెంటు, స్టీలుకి ఇదే చేస్తాను.

హన్మకొండ ప్లంబింగ్

నా అనుభవంలో డబ్బు మొత్తం గృహప్రవేశం చుట్టూ తిరుగుతుంది. ముహూర్తానికి వారం ముందు ఓనరు రోజుకి నాలుగు సార్లు ఫోన్ చేస్తాడు, ఏది అడిగినా సరేనంటాడు. పాలు పొంగించిన మర్నాటి నుంచి మన ఫోన్ ఎత్తడు. అప్పటికి క్యాటరింగ్, బట్టలు, చుట్టాల మర్యాదలు, లోన్ ఈఎంఐ అన్నీ మీద పడి ఉంటాయి. మోసం చేద్దామని కాదు, నిజంగానే ఆయన దగ్గర ఉండదు.

అందుకే పని ఒప్పుకునే రోజే ముహూర్తం ఎప్పుడని అడుగుతా. పంతులు గారితో ఇంకా మాట్లాడలేదంటే, అందాజుగా ఏ మాసమని అడుగుతా. శ్రావణంలో పెట్టుకుంటే జ్యేష్ఠంలోనే నా రెండో వాయిదా వచ్చెయ్యాలి. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు, మూఢాలొస్తే ఇంకా ముందుకు జరుగుతాయి. ఆ నెలల్లో ఏ ఓనరుకీ తొందర ఉండదు, కాబట్టి మనకు డబ్బూ కదలదు. నేను క్యాలెండర్ పక్కన పెట్టుకుని ఆషాఢం, ధనుర్మాసం ఖర్చీ డబ్బు ముందే పక్కకు తీస్తా. సంక్రాంతికి మనవాళ్లు, ఛఠ్‌కీ హోలీకీ బీహార్ వాళ్లు ఊళ్లకు పోతారు. పోయే ముందు అడ్వాన్స్ అడుగుతారు. అది కూడా లెక్కలో ఉండాలి.

ఇంకోటి, నా బిల్లులో "గృహప్రవేశానికి 7 రోజుల ముందు" అని ఒక వాయిదా పేరే ఉంటుంది.

ఓనర్ సైడ్

నేను కాంట్రాక్టర్‌ని కాదు. రెండేళ్ల కింద ఇల్లు కట్టుకున్నాను, అవతలి వైపు మాట కూడా వినండి.

నేనూ చివరి డబ్బు ఆపాను. ఎందుకంటే అది ఇచ్చాక ఎలక్ట్రీషియన్ మళ్లీ రాడని మా వీధిలో అందరూ చెప్పారు. మా ఇంట్లో పైన బాత్రూం గీజర్ పాయింట్‌కి ఎర్త్ వైరే కలపలేదు. గీజర్ కంపెనీ మనిషి వచ్చి టెస్టర్ పెట్టి చూపిస్తే తెలిసింది. పిల్లలు స్నానం చేసే గది అది. ఫోన్ చేస్తే "రేపొస్తా సార్" అన్నాడు, రాలేదు. నా చేతిలో ఇంకా 60,000 ఉంది కాబట్టి చివరికి వచ్చాడు. మీరంతా చివరి వాయిదా తగ్గించుకుంటే మా చేతిలో ఏం మిగులుతుంది?

ఇంకో సంగతి. "ఎక్స్‌ట్రా పాయింట్లు 38,000" అని చివర్లో చీటీ ఇచ్చారు. ఏ గదిలో, ఎవరు చెప్పారు, ఎప్పుడు? ఏదీ లేదు. మా మామగారు రెండు చెప్పి ఉండొచ్చు. 38 వేలవి చెప్పలేదు.

బెజవాడ బిల్డింగ్స్

ఓనర్ సైడ్ గారూ, మీరన్నది న్యాయమే. అందుకే ఆ 5 శాతం నెల తర్వాతకి ఉంచమన్నాను, సున్నా చేయమనలేదు. ఎర్తింగ్ లాంటిది నెల ఆగి తెలుసుకునే విషయం కూడా కాదు. అప్పగించే రోజు ప్రతి పాయింటూ ఓనరు ముందు వేసి చూపించాలి, ఎర్త్ టెస్ట్ చేయాలి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూపించాలి, జాబితా మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ సంతకంతో 10 శాతం. నెలలో బయటపడ్డవి చేసిచ్చాక 5 శాతం. పెద్ద కంపెనీల పనుల్లో రిటెన్షన్ అంటారే, ఇదీ అదే పద్ధతి.

కొంపల్లి వైరింగ్

ఓనర్ సైడ్ గారు చెప్పిన ఎక్స్‌ట్రాల గొడవే నా మొదటి సైట్‌లో (1,70,000 రావాల్సింది) కూడా నడుస్తోంది. పూజ గదిలో రెండు పాయింట్లు మేడం చెప్పారు, టెర్రస్ మీద ఫోకస్ లైట్లు వాళ్ల అబ్బాయి చెప్పాడు, మోటారు స్టార్టర్ చోటు మార్చమని సార్ తమ్ముడు చెప్పాడు. సార్‌కి ఏదీ తెలియదు. 18,000 ఒప్పుకోనంటున్నాడు, దాంతో మిగతాదీ ఆగింది.

డాలస్ రీమోడలింగ్

ఇక్కడ టెక్సాస్‌లో ఇళ్ల రీమోడలింగ్ చేస్తాను, కస్టమర్లలో మనవాళ్లు చాలామంది. ఇక్కడ డబ్బు ఇవ్వకపోతే ఇంటి మీద లియన్ (బాకీ కింద ఇంటి మీద హక్కు) వేయొచ్చు, అది తీరేదాకా ఇల్లు అమ్ముకోవడం కష్టం. ఐతే వాళ్లు ఉంటున్న సొంతిల్లయితే, పని మొదలు కాకముందే రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి, పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు పెట్టకపోతే లియన్ చెల్లదు. మన దగ్గర లియన్ ఉండదని తెలుసు, కానీ ఆ ఇద్దరి సంతకం అలవాటు మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. వంటింట్లో మార్పులు ఒకరు చెబుతారు, డబ్బులు ఇంకొకరు ఇస్తారు. గొడవ అక్కడే.

హన్మకొండ ప్లంబింగ్

ఇది నేను వాట్సాప్‌లో చేస్తున్నా. పని ఒప్పుకున్న రోజే సార్, మేడం, నేను, నా మేస్త్రీ నలుగురితో గ్రూపు. ఇంకెవరు ఏం చెప్పినా సాయంత్రానికి గ్రూపులో పెట్టాలి. నిన్నటి మెసేజ్ ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"సార్, మేడం, ఈ రోజు అదనంగా చెప్పినవి. 1. యుటిలిటీలో వాషింగ్ మెషీన్‌కి వేడి నీళ్ల పాయింటు. 2. కింది బాత్రూంలో హెల్త్ ఫాసెట్ ఎడమ వైపుకి. టైల్ ఇంకా వేయలేదు కాబట్టి ఇప్పుడైతే 3,200. టైల్ పడ్డాక అయితే పగలగొట్టాలి, ఖర్చు పెరుగుతుంది. ఓకే అని పెడితే రేపు గోడ కట్ చేస్తాం."

పది నిమిషాల్లో మేడం ఓకే పెట్టారు. ఆ ఓకే రాకుండా మా వాళ్లు కట్టర్ ముట్టుకోరు. ఎక్స్‌ట్రాల డబ్బు చివరిదాకా ఉంచను, తర్వాతి వాయిదాలో కలిపేస్తా.

కొత్తగా దిగా

మొత్తం లేబర్ కాంట్రాక్టే తీసుకుంటే పోలా? సరుకు ఓనరే కొనుక్కుంటాడు, మనకి అప్పూ ఉండదు, టెన్షనూ ఉండదు.

కొంపల్లి వైరింగ్

అలా చేస్తే మిగిలేదీ తగ్గుతుంది తమ్ముడూ. పైగా ఓనరు చవకగా వస్తోందని ఊరూపేరూ లేని వైరు తెస్తాడు, రేపు షార్ట్ అయితే మాట పడేది మనం.

బెజవాడ బిల్డింగ్స్

మధ్యే మార్గం ఉంది. కొలతలు, బ్రాండు, పరిమాణం నువ్వు రాసివ్వు, వైరు వరకు ఓనరు నేరుగా షాపుకి కట్టేస్తాడు, బిల్లు ఆయన పేరు మీదే. పైపులు, బాక్సులు, స్విచ్‌లు నీ కాంట్రాక్టులో ఉంచుకో. పెద్ద మొత్తం, రేటు తొందరగా మారేది వైరే కదా, రాగి పెరిగితే బండిల్ ధర వెంటనే కదులుతుంది. ఆ రిస్కు నీ మీద ఎందుకు? షాపు వాళ్లు మేస్త్రీలకిచ్చే కమీషన్ సంగతి అందరికీ తెలిసిందే, ఓనర్లకీ తెలుసు. దాన్ని దాచడం కంటే "నా సూపర్‌విజన్ ఇంత" అని కొటేషన్‌లో రాసుకోవడం మర్యాదగా ఉంటుంది. దీని మీద నాతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారని తెలుసు.

సీఏ గుంటూరు

జీఎస్టీ పక్కన పెట్టి చూడమన్నారు, సరే. కానీ మీ డబ్బు ఇబ్బందిలో దాని వాటా చిన్నది కాదు. మెటీరియల్‌తో కలిపి ఇంటికి చేసే వైరింగ్‌ని వర్క్స్ కాంట్రాక్టు అంటారు, అంటే అది సర్వీసు కిందికే వస్తుంది. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా రిజిస్ట్రేషన్ తప్పదు. రేటు 18 శాతం. ఇంటి ఓనరుకి ఆ 18 తిరిగి రాదు కాబట్టి "బిల్లు వద్దులెండి" అంటాడు. బిల్లు లేకపోతే రేపు ఆయన డబ్బు ఎగ్గొట్టినప్పుడు మీ చేతిలో కాగితం ఉండదు. ఏడాదికి 50 లక్షల లోపు ఉంటే సర్వీసుల కాంపోజిషన్‌లో (టర్నోవరు మీద తక్కువ రేటు పన్ను కట్టే పథకం) 6 శాతం కట్టే దారి ఉంది. అందులో కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, మీరు కొన్న సరుకు మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా తిరిగీ రాదు. మీ ఇళ్ల పనులకు ఏది నయమో రెండూ లెక్కేసుకుని చూడండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడ: సర్వీసుల్లో అడ్వాన్స్ తీసుకున్నా దాని మీద పన్ను కట్టాలి. సరుకు అమ్మేవాళ్లకు ఈ బాధ లేదు, మనకు ఉంది. వచ్చిన అడ్వాన్స్ మొత్తం పైపులకు పెట్టేస్తే, మర్నెల 20వ తేదీ రిటర్నుకి డబ్బు వెతుక్కోవాలి. ఏ వాయిదా వచ్చినా అందులోని పన్ను అదే రోజు వేరే అకౌంట్‌లోకి పంపేయండి.

బిల్డర్ల పనుల్లో ఇంకో తలనొప్పి. ఇన్‌వాయిస్ ఇచ్చేస్తే డబ్బు రాకపోయినా పన్ను కట్టాలి. అందుకే అగ్రిమెంట్‌లో "కొలతలు చెక్ చేసి సంతకం పెట్టిన రోజు" అని దశను రాయించుకోండి. ముందు ప్రొఫార్మా (అసలు బిల్లుకి ముందు ఇచ్చే నమూనా బిల్లు) ఇవ్వండి, కొలతల సంతకం అయ్యాక టాక్స్ ఇన్‌వాయిస్. బిల్డరు ఆ బిల్లు మీద క్రెడిట్ తీసుకుని ఉండి, 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే, ఆ క్రెడిట్‌ని వడ్డీతో వెనక్కి కట్టాలి. ఈ ఒక్క ముక్క వాళ్ల అకౌంటెంట్‌కి మర్యాదగా గుర్తుచేయండి.

కంపెనీలు, బిల్డర్లు కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. కోసి కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ టాక్స్ స్టేట్‌మెంట్ తీసి మూడు నెలలకోసారి చూసుకోండి. ఇక క్యాష్ ఇస్తామనే ఓనర్ల విషయం: ఒకే పనికి 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు, ముక్కలు చేసి తీసుకున్నా అంతే. దొరికితే జరిమానా తీసుకున్నంతా ఉంటుంది, అదీ తీసుకున్నవాడికే.

వైజాగ్ త్రీడీ

నాది ఇళ్ల త్రీడీ డిజైన్ల ఫ్రీలాన్స్ పని. సరుకు ఖర్చు లేదు గానీ ఎగ్గొట్టడం మాకూ ఉంది. సగం అడ్వాన్స్, డ్రాఫ్ట్‌లు వాటర్‌మార్క్‌తో, అసలు ఫైళ్లు డబ్బు పడ్డాకే. మార్పులు రెండు సార్లు ఉచితం, మూడో సారి నుంచి చార్జీ అని ముందే రాస్తాను. అలా రాసినప్పటి నుంచి "ఇంకొక్క చిన్న ఛేంజ్" అనడం బాగా తగ్గింది. మీకు వాటర్‌మార్క్ వేసే వీలు లేదు పాపం.

హన్మకొండ ప్లంబింగ్

మేం ట్యాపులు చివరి రోజు బిగిస్తాం, అదే మా వాటర్‌మార్క్ 🙂

జూనియర్ వకీలు

బిగించినవి డబ్బు రాలేదని మళ్లీ వెళ్లి పీక్కురావడం మాత్రం ఎవరూ చేయకండి. దొంగతనం కేసు పెడితే అసలు బాకీ మాట పక్కకు పోతుంది.

కొంపల్లి అన్నా, మిగతా రెండు సైట్ల వివరం చెప్పండి.

కొంపల్లి వైరింగ్

ఒకటి చిన్న బిల్డరు, 2,20,000. బిల్లు ఇచ్చి రెండు నెలలు దాటింది. "ఫ్లాట్ అమ్ముడుపోగానే" అంటున్నాడు. రెండోది ఇంటి ఓనరు, 90,000కి చెక్ ఇచ్చాడు, అది బ్యాలెన్స్ లేదని పోయిన వారం వెనక్కొచ్చింది. "మళ్లీ వెయ్యి, ఈసారి పాస్ అవుతుంది" అంటున్నాడు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) నాకు ముందు నుంచే ఉంది.

జూనియర్ వకీలు

ముందు చెక్. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో జాగ్రత్త. అది మీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి, అందినట్టు రుజువుండేలా స్పీడ్ పోస్టులో. నోటీసు అందిన 15 రోజుల్లో ఆయన కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో కోర్టులో చెక్ బౌన్స్ సెక్షన్ 138 కింద ఫిర్యాదు వేయాలి. రెండేళ్ల వరకు జైలు, చెక్ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. కేసు నడుస్తుండగానే 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణ నుంచి కోర్టుకుంది. చెక్ మళ్లీ వేయొచ్చు, దాని తేదీ నుంచి మూడు నెలల్లోపు అయితే. కానీ ఆయన మాటల మీద గడువు దాటనివ్వకండి. నా సలహా అయితే ఈ వారమే నోటీసు. చాలా చెక్కులకు నోటీసు దగ్గరే డబ్బు వస్తుంది.

బిల్డరు విషయానికి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది, 2006ది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి ఆపకూడదు, ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి (ఇలాంటి బాకీల గొడవలు తేల్చే మండలి) వెళుతుంది. కాకపోతే వర్క్స్ కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి రావంటూ కొన్ని హైకోర్టు తీర్పులున్నాయి. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి. మీ బిల్లులో సరుకు విడిగా, కూలీ విడిగా ఉందో లేదో నాకు చూపించండి.

సీఏ గుంటూరు

దానికి తోడు ఆదాయపు పన్ను వైపు నుంచి కూడా ఒత్తిడి ఉంది. 2023-24 నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటి ఆపిన బిల్లుల ఖర్చు ఆ ఏడాది లెక్కలో రాదు, డబ్బు కట్టిన ఏడాదే వస్తుంది. మార్చిలో బిల్డర్ల ఆడిటర్లే ఇలాంటి బిల్లుల లిస్టు తీస్తారు. మీ ఉద్యం నంబరు బిల్లు మీద ముద్రించి ఉండాలి, లేకపోతే మీరు ఆ లిస్టులోకి ఎలా వస్తారు? ఇంటి ఓనర్లకు ఇది వర్తించదు, వాళ్లకు వ్యాపార ఖర్చు లేదు కదా.

జూనియర్ వకీలు

అందరికీ ఒక మాట: బాకీకి సివిల్ దావా గడువు మూడేళ్లు. "ఇస్తా ఇస్తా" అని ఫోన్‌లో అన్నంత మాత్రాన గడువు పెరగదు. గడువు లోపల ఆయన సంతకంతో "ఇంత బాకీ ఉంది" అని రాసిస్తే మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. కొంత డబ్బు ఇచ్చి ఆ ఇచ్చినట్టు రాతలో ఉన్నా అంతే.

హన్మకొండ ప్లంబింగ్

వడ్డీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మా మార్జిన్లకు అది భారం. నేను రిజిస్టర్డ్ చిట్ ఒకటి కడతా, 5 లక్షలది, 25 నెలలు. వర్షాకాలం ముందు పాడుకుంటా. మొదటి నెలల్లో తగ్గించి పాడాలి కాబట్టి చేతికి 3,75,000 రావచ్చు, అది కూడా ఉత్తి డబ్బేం కాదు. కానీ నెలనెలా కట్టే అలవాటు వల్ల లాభం చేతిలో ఖర్చైపోకుండా ఆగుతుంది. వీధి చీటీల్లో మాత్రం వేయకండి.

సీఏ గుంటూరు

చిట్ కంటే ముందు బ్యాంకుకి వెళ్లండి. ముద్ర అనే ప్రభుత్వ రుణ పథకంలో కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకు చూసేది మీ అకౌంట్‌లో తిరిగిన డబ్బు. క్యాష్‌లో తీసుకుని క్యాష్‌లో పంచేస్తే ఏడాదికి 40 లక్షల పని చేసినా స్టేట్‌మెంట్‌లో ఏమీ కనిపించదు. పాత వడ్డీ అప్పు ముందు దీంతో తీర్చేయండి. షాపు ఖాతా తర్వాత.

బెజవాడ బిల్డింగ్స్

షాపు ఖాతా తర్వాత అంటే నేను ఒప్పుకోను. వడ్డీ ఇచ్చినాయనకి నెలకు నాలుగు వేలు పడుతున్నంత కాలం తొందర లేదు. షాపు ఆగితే అన్ని సైట్లూ ఆగుతాయి. ముందు షాపుకి ఎంతో కొంత కట్టి, తారీఖు చెప్పి, ఆ తారీఖు నిలబెట్టుకో. తర్వాత వడ్డీ.

కొంపల్లి వైరింగ్

అప్‌డేట్. మొదటి సైట్‌కి కాగితం మీద పాయింట్ల జాబితా పట్టుకుని వెళ్లాను. సార్‌ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క స్విచ్ వేసి చూపించాను. నిజంగానే రెండు తేలాయి: హాల్లో ఒక ఫ్యాన్ రెగ్యులేటర్ మోత, వాన పడితే టెర్రస్ లైటు ట్రిప్ అవడం. బాక్సులోకి నీళ్లు దిగుతున్నాయి. రెండూ అదే రోజు చేసిచ్చాను. అక్కడికక్కడే 1,20,000 ట్రాన్స్‌ఫర్ చేశారు. ఎక్స్‌ట్రాల మీద మేడం కూర్చుని 18,000లో 12,000 ఒప్పించారు. మిగతాది పది రోజుల్లో. అందులోంచి లక్ష షాపుకి కట్టేశాను, బెజవాడ అన్న మాటే విన్నాను.

చెక్‌కి నోటీసు పోయింది. బిల్డరు అకౌంటెంట్‌కి ఉద్యం సర్టిఫికెట్, బిల్లు కాపీ, 180 రోజుల సంగతి మెయిల్ చేశాను. మామూలుగా రిప్లై ఇవ్వనివాడు "సార్‌తో మాట్లాడి చెప్తాను" అన్నాడు. చూద్దాం.

కొత్త సైట్‌కి పేమెంట్ మాట ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

1. పని మొదలుకి 3 రోజుల ముందు 20 శాతం.
2. పైపింగ్ పూర్తయ్యాక, వైరు తెప్పించే ముందు 30 శాతం.
3. స్విచ్‌లు, డీబీలు తెప్పించే ముందు 35 శాతం.
4. పని పూర్తయ్యాక, గృహప్రవేశానికి 7 రోజుల ముందు 10 శాతం.
5. నెల తర్వాత 5 శాతం.
6. అదనపు పనులు గ్రూపులో ఓకే అన్నాకే. డబ్బు తర్వాతి వాయిదాలో.
7. వైరు ధర కొటేషన్ రోజు లిస్టు రేటు మీద. 5 శాతం మించి మారితే తేడా ఓనరుది.

ఓనర్ సైడ్

ఏడో దానిలో ధర తగ్గితే తేడా నాకు తిరిగిస్తారా? అది కూడా రాయండి, అప్పుడు నేనైతే సంతకం పెడతాను. ఐదో దానిలో "ఫోన్ చేసిన 3 రోజుల్లో వస్తాను" అని ఉంటే ఇంకా బాగుంటుంది.

బెజవాడ బిల్డింగ్స్

నాలుగో లైన్ చూడు. "పని పూర్తయ్యాక" అన్నావు. పూర్తయిందని ఎవరు చెప్పాలి? "అన్ని పాయింట్లూ ఓనరు ముందు వేసి చూపించి, జాబితా మీద సంతకం అయిన రోజు" అని మార్చు. పర్మినెంట్ మీటరు ఆలస్యమైతే దానికి నీ వాయిదా ఆగకూడదు, కన్‌స్ట్రక్షన్ మీటరు మీదే వేసి చూపిస్తానని రాయి. ముహూర్తం వాయిదా పడినా ఆ 10 శాతం తారీఖు మారదని ఒక ముక్క చేర్చు, ఆషాఢం దగ్గర్లోనే ఉంది.

కొంపల్లి వైరింగ్

మూడూ మార్చాను, ఓనర్ సైడ్ గారు చెప్పిన రెండూ చేర్చాను. రేపు పొద్దున బాచుపల్లి సైట్ సార్‌కి, మేడంకి ఇదే పంపుతున్నాను. వైరు వరకు వాళ్లనే షాపుకి కట్టమని అడుగుతాను, ఒప్పుకోకపోతే ఏడో లైన్ ఉంది.